హైస్కూల్ కోచ్ పనితీరు ఎలా చూడాలి: గ్రౌండ్ అంచున నిలబడి నేర్చుకున్న పద్ధతి

నేను 14 ఏళ్ళుగా ఒక హైస్కూల్లో ఆటల విభాగం బాధ్యత చూస్తున్నాను. అంతకుముందు 9 ఏళ్ళు వాలీబాల్ కోచ్‌గా పనిచేశాను. ఒకప్పుడు నా మీద రిపోర్టు రాయించుకున్నాను, ఇప్పుడు ఏటా ఏడెనిమిది మంది కోచ్‌ల మీద నేనే రాసి సంతకం పెడుతున్నాను. ఈ పని కొత్తగా మీద పడ్డ హెడ్మాస్టర్లూ ఆటల ఇన్‌ఛార్జులూ ముందుగా అడిగేది ఒకటే: ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

ఫలితాల కాగితం పక్కన పెట్టి, ప్రాక్టీస్ జరిగేటప్పుడు గ్రౌండ్‌కి వెళ్ళండి. జట్టులో అందరికంటే వెనకబడ్డ పిల్ల ఎవరో కనుక్కోండి. ఆ గంటన్నరలో ఆ పిల్లకి ఏం దక్కిందో చూడండి. బాగా ఆడేవాళ్ళు ఎవరి దగ్గరైనా ఎంతోకొంత ఎదుగుతారు. కోచ్ పనితనం తెలిసేది ఆ చివరి పిల్ల దగ్గరే.

ఈ మాట చెప్పే అర్హత నాకు ఒక తప్పు చేశాకే వచ్చింది. ఈ బాధ్యతలోకి వచ్చిన మూడో ఏడు. మా పరుగుల జట్టు ఆ సీజన్లో వరసగా పతకాలు తెచ్చింది. నేను ఆ కోచ్ ప్రాక్టీస్‌కి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. పతకాల జాబితా చూసి "అత్యుత్తమం" అని రాసి సంతకం పెట్టేశాను. రెండు వారాలు గడిచాక, ఆ జట్టులోని తొమ్మిదో తరగతి అమ్మాయి మెట్లు దిగుతుంటే చూశాను. రెయిలింగ్ రెండు చేతులతో పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతోంది. "ఏమైందమ్మా?" అంటే "ఏం లేదు మేడమ్" అంది. కూర్చోబెట్టి చూస్తే, మోకాలికీ చీలమండకీ మధ్య ఎముక మీద ఒక్క చోట, బొటనవేలు పట్టేంత చోట, తాకితే చాలు కాలు లాగేసుకుంటోంది. స్కాన్‌లో ఎముక పగులు బయటపడింది, స్ట్రెస్ ఫ్రాక్చర్. ఆరు వారాలుగా ఆ నొప్పితోనే పరిగెత్తిందట. "ఎందుకు చెప్పలేదు?" అంటే, "చెప్తే టీమ్‌లోంచి తీసేస్తారని" అంది.

జట్టులో పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. కోచ్‌కి తెలియదు, నాకూ తెలియదు. ఆయన దుర్మార్గుడేం కాదు. నొప్పి ఉందా అని పిల్లల్ని అడగాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు, అడుగుతున్నాడా అని నేను చూడలేదు. ఆ సంతకం నాది. ఆ తర్వాత గ్రౌండ్‌కి వెళ్ళకుండా ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టలేదు.

గెలుపోటములకి ఎంత విలువ ఇవ్వాలి

అసలు చూడొద్దని అనను. కానీ ఒక చిన్న లెక్క మనసులో పెట్టుకోండి. ఒక జట్టు తనతో సమానమైన జట్లతో 10 మ్యాచ్‌లు ఆడిందనుకుందాం. ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం సగం. బొమ్మా బొరుసూ వేసినట్టే. అలాంటి జట్టు కేవలం అదృష్టం కలిసొచ్చి 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ గెలిచే అవకాశం 17 శాతం. 3 గానీ అంతకంటే తక్కువ గానీ గెలిచే అవకాశమూ అంతే. రెండూ కలిపితే 34 శాతం. కోచ్ చేసే పనిలో ఏ మార్పూ లేకపోయినా, సుమారు మూడు సీజన్లకి ఒకసారి ఆయన గొప్పవాడిగానో పనికిరానివాడిగానో కనిపిస్తాడన్నమాట. పైగా నిజం మ్యాచ్‌లలో జట్లు సమానంగా ఉండవు. పోయినేడు పన్నెండో తరగతి పిల్లలు ఐదుగురు వెళ్ళిపోయారా, ఎదుటి స్కూల్లో పొడుగు పిల్లలు ఎక్కువా, ముఖ్యమైన ఆటగాడికి జ్వరమా, ఇవన్నీ స్కోరులో కలిసిపోయి ఉంటాయి.

అందుకే నేను ఫలితాలకి నూటికి 10 మార్కులే పెడతాను. అదీ ఒక్క సీజన్ చూసి కాదు, మూడు సీజన్ల వరస చూసి.

సీజన్ మొదలయ్యే ముందే

ఏం చూడబోతున్నామో కోచ్‌కి ముందే తెలియాలి. సీజన్ చివర్లో హఠాత్తుగా ఒక ఫారం తీసి మార్కులు వేస్తే అది అన్యాయం. మొదటి ప్రాక్టీస్‌కి కనీసం రెండు వారాల ముందు కూర్చుని ఒక పేజీ రాసుకుంటాం. అందులో మూడు విషయాలుంటాయి. తప్పనిసరి భద్రతా నియమాలు ఏవి, నేను ఏం గమనిస్తాను, ఈ సీజన్లో కోచ్ తనకు తాను పెట్టుకున్న లక్ష్యాలు రెండు. ఆ లక్ష్యాలు లెక్కకు అందేలా ఉండాలి. "జట్టు స్ఫూర్తి పెంచుతాను" అంటే సీజన్ చివర ఎవరూ తేల్చలేరు. "ప్రతి పిల్లా సీజన్ ముగిసేలోగా ఓవర్‌హెడ్ సర్వీస్ పదిలో ఆరు సార్లు నెట్ దాటించాలి" అంటే తేల్చగలం. ఇద్దరం సంతకం పెట్టి చెరో కాపీ ఉంచుకుంటాం.

స్వచ్ఛందంగా, జీతం లేకుండా పనిచేసే కోచ్‌కి కూడా ఇదే పేజీ. "పాపం, ఊరికే చేస్తున్నాడు కదా" అని వదిలేస్తే నష్టపోయేది పిల్లలే.

భద్రతకి మార్కులు ఉండవు

ఇది గేటు లాంటిది. దాటితేనే లోపలికి, దాటకపోతే మిగతా గుణాలు ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు. నూటికి ఐదు మార్కులు భద్రతకని పెట్టారనుకోండి, అందులో సున్నా వచ్చినవాడికి కూడా మొత్తం మీద 95 రావచ్చు. అది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

మొదట గుండె. కోచ్‌కి సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) వచ్చా? డీఫిబ్రిలేటర్, అంటే లయ తప్పిన గుండెకి షాక్ ఇచ్చే మెషిన్, ఎక్కడుందో తెలుసా? గుండె లయ తప్పి ఆగిపోయినప్పుడు, ఏ సాయమూ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. కాబట్టి నేను "తెలుసా?" అని అడిగి ఊరుకోను. ప్రాక్టీస్ మధ్యలో స్టాప్‌వాచ్ నొక్కి "సార్, ఒక పిల్లాడు పడిపోయాడు, ఏం చేస్తారో చేసి చూపించండి" అంటాను. ఒకసారి మా మెషిన్ తాళం వేసిన గదిలో ఉంది, తాళంచెవి ఉన్న మనిషి ఇంటికి వెళ్ళిపోయారు. కోచ్ పరిగెత్తి వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చేసరికి 4 నిమిషాల 20 సెకన్లు అయింది. తప్పు కోచ్‌ది కాదు, మా ఏర్పాటుది. మర్నాడే తాళం తీయించి, మెషిన్ గోడ మీదికి మార్పించాను.

తర్వాత తల. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు తలకి దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లో మళ్ళీ దిగి ఆడాడు. ఆట అయ్యాక కుప్పకూలాడు, మెదడుకి తీవ్రమైన గాయం. ఆ తర్వాత 2009లో ఆ రాష్ట్రం చట్టం తెచ్చింది. తలదెబ్బ అనుమానం ఉంటే ఆ పిల్లల్ని వెంటనే ఆట నుంచి తప్పించాలి, వైద్య నిపుణులు రాసి ఇస్తేనే మళ్ళీ ఆడనివ్వాలి. 2014 నాటికి ఆ దేశంలోని 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి. మీ దగ్గర చట్టం ఉన్నా లేకపోయినా నియమం ఇదే ఉండాలి. తలకి దెబ్బ తగిలిందేమో అన్న అనుమానం వస్తే ఆ రోజుకి ఆట లేదు. ఫైనల్ అయినా లేదు.

ఎండ సంగతీ అంతే. వేసవిలో మొదటి వారం రెండు వారాలు పనిభారం మెల్లగా పెంచుతున్నాడా, నీళ్ళు అడిగినప్పుడల్లా ఇస్తున్నాడా, లేక పరుగు పూర్తిచేస్తేనే ఇస్తున్నాడా? వడదెబ్బకి స్పృహ తప్పితే ముందు చల్లటి నీళ్ళ తొట్టిలో ఒళ్ళు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. ఈ వరస కోచ్ నోటి వెంట తడుముకోకుండా రావాలి.

విశ్రాంతికి అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చెప్పిన కొలత బాగుంటుంది. ఒక ఆట నుంచి వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాది మొత్తంలో మూడు నెలలు విరామం. ఇంకో తేలిక కొలత ఉంది. వారంలో ప్రాక్టీస్ గంటలు పిల్లల వయసు అంకె దాటకూడదు. 14 ఏళ్ళ పిల్లకి వారానికి 14 గంటలు దాటితే కోచ్‌ని ఎందుకని అడగండి. స్కూల్ జట్టూ బయటి క్లబ్బూ కలిపి లెక్కేయాలి సుమా.

పెద్దవాళ్ళు పిల్లలతో మసలుకునే తీరు మీద రాజీ లేదు. తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లతో ఒక్క కోచ్ ఉండకూడదు. ఒంటరిగా కారులో తీసుకెళ్ళకూడదు. ఫోన్ మెసేజ్‌లు తల్లిదండ్రులు కూడా ఉన్న గ్రూపులోనే పెట్టాలి. కొట్టడం, ఒళ్ళు గురించి ఎగతాళి చేయడం, శిక్షగా నీళ్ళు ఆపడం కనిపిస్తే సీజన్ చివరి దాకా ఆగొద్దు. ఆ రోజే పై అధికారికి రాతపూర్వకంగా చెప్పండి. లైంగిక వేధింపుల అనుమానం అయితే సొంతంగా విచారణకి దిగొద్దు. నేరుగా చట్టం చెప్పిన అధికారుల దగ్గరికే వెళ్ళాలి.

ప్రాక్టీస్‌లో ఏం చూడాలి

సీజన్లో కనీసం మూడు సార్లు, ప్రతిసారీ మొదటి నిమిషం నుంచి చివరి పిల్ల ఇంటికి వెళ్ళేదాకా ఉండండి. రెండు సార్లు చెప్పి వెళ్ళండి, ఒకసారి చెప్పకుండా వెళ్ళండి. పది నిమిషాలు నిలబడి ఫోటో దిగి వచ్చేస్తే చూసినట్టు కాదు.

స్టాప్‌వాచ్, పెన్ను, రెండు కాగితాలు చాలు. మొదటి కాగితం చివరి పిల్లది. ఒకసారి వాలీబాల్ ప్రాక్టీస్‌లో 16 మంది పిల్లలు ఒకే వరసలో నిలబడ్డారు, కోచ్ ఒక్కో బంతి విసురుతున్నాడు. చూడ్డానికి క్రమశిక్షణగా ఉంది. నేను ఒక చిన్న పిల్లనే గమనిస్తూ కూర్చున్నాను. 20 నిమిషాల్లో ఆ పిల్ల బంతిని 5 సార్లు తాకింది. మిగతా సేపంతా నిలబడి జడ కొస తిప్పుకుంటోంది. ఆ కాగితం కోచ్‌కి చూపించాను. ఆయన వాదించలేదు. తర్వాతి వారం పిల్లల్ని నాలుగు గుంపులు చేసి, విసరడం కూడా పిల్లలకే అప్పజెప్పాడు. అదే పిల్ల, అదే 20 నిమిషాలు, 34 సార్లు. జడ జోలికి పోలేదు. కోచ్ మీద పది పేజీలు రాసినా ఆ 5కీ 34కీ ఉన్న తేడా అంత బాగా చెప్పలేను.

రెండో కాగితం కోచ్ మాటలది. నాలుగు గళ్ళు గీయండి. సమాచారం ("మోచెయ్యి లోపలికి పెట్టు"), కారణంతో మెప్పు ("కాళ్ళు ముందే కదిపావు, అందుకే అందింది"), ఊరికే అరుపు ("కమాన్! గట్టిగా!"), తిట్టు. 20 నిమిషాలు విన్న ప్రతి మాటకీ ఒక గీత.

జాన్ వుడెన్ అనే బాస్కెట్‌బాల్ కోచ్ పేరు చాలామంది వినే ఉంటారు. ఆయన నడిపిన యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) జట్టు 1964 నుంచి 1975 వరకు 12 ఏళ్ళలో 10 సార్లు అమెరికా కాలేజీ ఛాంపియన్‌షిప్ గెలిచింది. చివరి సీజన్లో రోలండ్ థార్ప్, రోనాల్డ్ గాలిమోర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఆయన ప్రాక్టీస్‌లు 15 చూసి, ఆయన బోధనకి సంబంధించిన ప్రతి మాటనీ చేష్టనీ లెక్కపెట్టారు. మొత్తం 2,326. అందులో దాదాపు సగం పూర్తిగా సమాచారం. ఏం చేయాలి, ఎలా చేయాలి. ఉత్త పొగడ్తలూ తిట్లూ చాలా కొద్ది. నా నాలుగు గళ్ళ కాగితం ఇది చదివాకే పుట్టింది.

మా బాస్కెట్‌బాల్ కోచ్ ఒకామె ఎంతో ఉత్సాహంగా ఉంటుంది. గొంతు గ్రౌండ్ అవతలికి వినిపిస్తుంది. ఆమె కాగితంలో అరుపులు 31, తిట్లు 6, కారణంతో మెప్పు 2, సమాచారం 4. చూపించగానే ఆ 4 కింద తనే పెన్నుతో గీత గీసి, "మేడమ్, నేను గంటసేపూ నేర్పుతూనే ఉన్నాననుకున్నాను" అంది. గొంతులో ఏడుపు ఉంది. ఆ తర్వాత ఆమె ప్రతి ప్రాక్టీస్‌కీ చేతి వెనక పెన్నుతో రెండు మాటలు రాసుకుని వచ్చేది. ఆ రోజు నేర్పాల్సినవి ఆ రెండే. రెండు నెలలకి సమాచారం గడిలో 19 గీతలు.

ఆమె అనుకున్నది అందరు కోచ్‌లకీ జరిగేదే. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ 1970లలో పిల్లల కోచ్‌ల ప్రవర్తనని 12 రకాలుగా విడదీసి గ్రౌండ్‌లో లెక్కపెట్టే పద్ధతి తయారుచేశారు. వాళ్ళకి తేలిందేమంటే, తాము ఎలా ప్రవర్తిస్తున్నామో కోచ్‌లకే సరిగ్గా తెలియదు. పిల్లలు చెప్పింది మాత్రం గ్రౌండ్‌లో లెక్కపెట్టినదానికి మరింత దగ్గరగా ఉంది. అందుకే కోచ్ స్వయంగా రాసిచ్చే అంచనాని నేను చదువుతాను గానీ, దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడను.

ఇంకో క్షణం తప్పకుండా పట్టుకోండి. పిల్ల తప్పు చేసిన వెంటనే వచ్చే రెండు సెకన్లు. బంతి జారిపోయింది. పిల్ల ఎటు చూస్తుంది? నేరుగా కోచ్ ముఖం కేసి, భుజాలు ముడుచుకుని చూస్తే అక్కడ భయం ఉంది. బంతి వెనక పరిగెత్తితే అక్కడ నేర్చుకోవడం ఉంది. దీన్ని ఏ గడిలోనూ గీయలేను, కానీ రిపోర్టులో ఒక వాక్యం ఎప్పుడూ దీనికే.

వార్మప్ ఎలా చేయిస్తున్నాడో కూడా రాసుకోండి. ఫుట్‌బాల్‌కి ఫిఫా 11+ అని 20 నిమిషాల వార్మప్ ఉంది. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిల మీద పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఆ వార్మప్ చేసిన జట్లలో గాయాలు సుమారు మూడో వంతు తగ్గాయి. గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టించి "వార్మప్ అయింది" అనే కోచ్‌ని నేను తప్పకుండా ప్రశ్నిస్తాను.

మ్యాచ్ రోజు బంతిని చూడకండి, బెంచిని చూడండి. బెంచి చివర కూర్చున్న పిల్లలు ఆటలో లీనమై ఉన్నారా, కోచ్ వాళ్ళతో ఒక్కసారైనా మాట్లాడాడా, రిఫరీతో ఎలా ఉన్నాడు, ఓడాక మొదటి ఐదు నిమిషాల్లో ఏమన్నాడు. అంతే.

మీకు ఆ ఆట రాకపోతే? నాకు రెజ్లింగ్ గురించి తెలియదు. అలాంటప్పుడు వేరే స్కూల్లో అదే ఆట నేర్పే అనుభవజ్ఞుణ్ణి ఒక ప్రాక్టీస్‌కి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాను. మెళకువల సంగతి ఆయన చూస్తారు, పిల్లల సంగతి నేను చూస్తాను.

హాజరు పట్టీ చెప్పే కథ

ఆఫీసులో కూర్చునే చేయగలిగే మంచి పని ఇదొక్కటి. మొదటి వారం ఎంతమంది వచ్చారు, చివరి వారం ఎంతమంది మిగిలారు, వాళ్ళలో ఎంతమంది మరుసటి ఏడు తిరిగొచ్చారు. స్మిత్, స్మోల్ బృందమే 1992లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పిల్లలతో ఎలా మెలగాలో శిక్షణ పొందిన బేస్‌బాల్ కోచ్‌ల జట్లలో మరుసటి ఏడు 5 శాతం పిల్లలే ఆట మానేశారు. శిక్షణ లేని కోచ్‌ల దగ్గర 26 శాతం మానేశారు. గెలుపోటముల్లో మాత్రం ఆ జట్ల మధ్య తేడా లేదు. స్కోరు బోర్డులో అస్సలు కనపడని తేడా అది.

మానేసినవాళ్ళకి ఫోన్ చేయండి. "చదువు" అని చెప్పేవాళ్ళు ఉంటారు, నిజంగానే చదువు కోసమే మానేసి ఉండొచ్చు. కానీ ఒకే కోచ్ దగ్గర ఎనిమిది మంది ఒకే నెలలో "చదువు" అన్నారంటే ఇంకో ప్రశ్న అడగాలి.

అదే పట్టీలో పుట్టిన నెలలు కూడా చూడండి. 1980లలో కెనడాలో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వవేత్త, పేరున్న ఐస్ హాకీ ఆటగాళ్ళలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళు మరీ ఎక్కువ ఉన్నారని చూపించారు. అక్కడ వయసు వర్గానికి కటాఫ్, అంటే వయసు లెక్కగట్టే తేదీ, జనవరి 1. జనవరిలో పుట్టిన పిల్లాడు డిసెంబరులో పుట్టినవాడి కంటే దాదాపు ఏడాది పెద్ద, ఆ వయసులో అది చాలా పెద్ద తేడా. మీ కోచ్ ఎంపిక చేసిన జట్టులో కటాఫ్ తర్వాతి మూడు నెలల్లో పుట్టినవాళ్ళే సగం మంది ఉంటే, ఆయన ఎంచుతున్నది నైపుణ్యాన్నా, ముందుగా ఎదిగిన ఒంటినా అని అడగండి. నేను అడిగిన ప్రతి కోచ్ ఆశ్చర్యపోయాడు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, ఎవరూ అలా చూసుకోలేదంతే.

పిల్లల్ని అడగడం

పేరు రాయకుండా, కోచ్ అక్కడ లేనప్పుడు, తరగతి గదిలో. కాగితాలు నేనే ఇచ్చి నేనే తీసుకుంటాను. ప్రశ్నలు ఎక్కువైతే పిల్లలు విసుక్కుని అన్నిటికీ ఒకే జవాబు గీసేస్తారు. నావి ఆరే: ఈ సీజన్లో కొత్తగా ఏం నేర్చుకున్నావు? తప్పు చేస్తే కోచ్ ఏం చేస్తారు? ఒంట్లో నొప్పి ఉంటే చెప్పగలవా, చెప్తే ఏమవుతుంది? నీకు మ్యాచ్‌లో అవకాశం ఎందుకు వచ్చిందో, ఎందుకు రాలేదో తెలుసా? వచ్చే ఏడు మళ్ళీ ఆడతావా? ఇంకేమైనా చెప్పాలనుందా?

మూడో ప్రశ్న ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి వల్ల వచ్చింది. దానికి ఒక్క పిల్ల "చెప్పలేను" అని రాసినా నేను వెళ్ళి కోచ్‌తో మాట్లాడతాను. మిగతా ప్రశ్నల్లో ఒక్క జవాబు పట్టుకుని ఊగిపోవద్దు. ఆ రోజే సబ్‌స్టిట్యూట్‌గా కూర్చున్న పిల్ల కోపంగా రాస్తుంది, సహజం. ఒకే మాట ఐదారు కాగితాల్లో కనిపిస్తే అప్పుడు నిలబడి ఆలోచించాలి. జట్టులో ఆరేడుగురే ఉంటే చేతిరాత బట్టి పోల్చేసే ప్రమాదం ఉంది, కాబట్టి జవాబులు టైపు చేయించి సారాంశమే కోచ్‌కి ఇవ్వండి.

తల్లిదండ్రుల నుంచి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం "మా వాడిని ఆడించడం లేదు" అన్నదే. వాటిని మార్కుల్లో కలపను. కోచ్ ముందే చెప్పాడా, మర్యాదగా జవాబిచ్చాడా, అదొక్కటే చూస్తాను.

కోచ్‌తో కూర్చున్నప్పుడు

సీజన్ ముగిసిన వారం తర్వాత. ఓడిన సాయంత్రం వద్దు, కప్పు గెలిచిన సాయంత్రం అసలే వద్దు. మొదటి పది నిమిషాలు కోచ్‌దే. "సార్, ఈ సీజన్లో మీ వల్ల బాగా మారిన పిల్ల ఎవరు? మీరు అందుకోలేకపోయిన పిల్ల ఎవరు?" అని అడుగుతాను. రెండో ప్రశ్నకి వెంటనే ఒక పేరు చెప్పే కోచ్ మీద నాకు గౌరవం పెరుగుతుంది. "అందరూ బాగానే ఉన్నారు" అంటే, పిల్లల్ని ఒక్కొక్కరిగా చూడలేదని అర్థం.

తర్వాత కాగితాలు బల్ల మీద పెడతాను. అభిప్రాయం ముందు చెప్పను, చూసింది ముందు చెప్తాను. "మీకు ఓపిక తక్కువ" అంటే ఏ మనిషైనా తలుపు మూసేసుకుంటాడు. "12వ తేదీ ప్రాక్టీస్‌లో ఒకే అబ్బాయిని జట్టు అందరి ముందూ మూడు సార్లు 'నీ వల్ల కాదు' అన్నారు, నాలుగోసారి ఆ అబ్బాయి బంతి అడగడం మానేశాడు" అంటే ఆలోచిస్తాడు. నివేదికలో రాసేటప్పుడూ ఇదే. "బాగా పనిచేశారు", "మెరుగుపడాలి" లాంటి మాటలు ఎవరికీ ఉపయోగపడవు. తేదీ, చూసింది, లెక్క, ఆ తర్వాతే నా అభిప్రాయం.

పిల్లలు నేర్చుకున్నదానికీ ప్రాక్టీస్ నాణ్యతకీ కలిపి 40 మార్కులు, పిల్లలతో మెలిగే తీరుకి 30, జట్టులో పిల్లలు నిలవడానికి 10, ఏర్పాట్లూ తల్లిదండ్రులతో మాటా తోటి ఉపాధ్యాయులతో సర్దుబాటూ 10, ఫలితాలకి ముందే చెప్పిన ఆ 10. మీ స్కూల్‌కి మీ లెక్క వేరుగా ఉండొచ్చు. కానీ ఆ లెక్క సీజన్ ముందే కాగితం మీద ఉండాలి. కోచ్ మీకు దగ్గరి స్నేహితుడో చుట్టమో అయితే ఆ రిపోర్టు ఇంకొకరితో రాయించండి. కొత్త కోచ్‌కి మొదటి సీజన్లో మార్కులు వేయను. మధ్యలో రెండు సార్లు కూర్చుని మాట్లాడతాను, అంతే.

చివర్లో రెండు పనులు రాస్తాం, అంతకంటే ఎక్కువ వద్దు. ఏడు లోపాలు చూపిస్తే ఒక్కటీ మారదు. ఒక్కో పనికీ స్కూల్ ఏం సాయం చేస్తుందో పక్కనే రాయాలి. బంతులు ఆరే ఉంటే 16 మందికి గుంపులు ఎలా చేస్తాడు? శిక్షణకి పంపుతామన్నామా, సెలవు ఇస్తామన్నామా, అదీ ఆ కాగితంలోనే ఉండాలి. కోచ్ ఒప్పుకోని మాట ఉంటే తన జవాబు తన చేత్తో రాసి జతపరచే హక్కు ఉంటుంది.

ఆ పరుగుల కోచ్‌కి మేం రాసిన పని ఒక్కటే. వార్మప్‌కి ముందు పిల్లలు ఒక్కొక్కరూ ఆయన దగ్గరికి వచ్చి, మిగతావాళ్ళకి కనపడకుండా ఛాతీకి దగ్గరగా చెయ్యి పెట్టి వేళ్ళు చూపించాలి. పిడికిలి అంటే నొప్పి లేదు, ఐదు వేళ్ళూ అంటే భరించలేనంత. రెండు వేళ్ళు దాటితే ఆ రోజు పరుగు లేదు, టీమ్‌లో చోటు మాత్రం పోదు. ఆయన దీన్ని ఇప్పటికీ చేస్తున్నాడు. ప్రతి కొత్త సీజన్ మొదటి రోజు నేను ఆ పాత కాగితం తీసుకుని వెళ్తాను. ఇద్దరం ఒకసారి చదువుకుని, నేను ప్రాక్టీస్ చూడ్డానికి వచ్చే రెండు తేదీలు దాని కింద రాస్తాను. మూడోది రాయను.